గాల్ట్ ఊరి నాటకంలో ప్రాంప్టరు

ఒంగోలు తిరిగొచ్చాక అందరూ నన్ను నయాగరా గురించే అడిగారు. నేను నయాగరా చూడలేదు. కెనడాలో ఉన్న వారమంతా నాటకాలు చూశాను. ఆ మాట చెబితే, నాటకాల కోసం అంత దూరం పోవాలా అన్నారు. పోవాలనే నాకు అనిపిస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మావారు బ్యాంకులో పనిచేస్తూ పరిషత్తు పోటీలకి నాటకాలు తయారుచేసేవారు. ఆయన డైరెక్టరు, నేను ప్రాంప్టరు. సైడు కర్టెన్ పక్కన స్టూలు వేసుకుని, ఎవరైనా మాట మరిచిపోతే హాల్లో వినపడకుండా అందించడం నా పని. రెండేళ్ళ కిందట ఆయన పోయారు. ఆ తర్వాత నేను ఏ ఆడిటోరియం గడపా తొక్కలేదు.

మా చెల్లెలి కూతురు శ్రుతి కెనడాలో కాలేజీలో చదువుతోంది. అక్టోబరులో వాళ్ళకి వారం సెలవులు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడెక్కడ ఏ నాటకం ఆడుతున్నారో చూసి టికెట్లు తీసేసి, అప్పుడు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నువ్వు రాకపోతే ఇవన్నీ దండగ" అంది. దండగ అనే మాటకి నేను లొంగుతానని దానికి తెలుసు.

వాటర్లూ

మొదటి నాటకం వాటర్లూలో. బస్సెక్కితే గుంటూరు కాలేజీ బస్సెక్కినట్టే ఉంది. వీపులకి బ్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మన పిల్లలు, కాకపోతే పంజాబు పిల్లలు. వెనక సీట్లో నెల్లూరు యాస అబ్బాయి వరంగల్ యాస అబ్బాయికి పార్ట్ టైమ్ జాబ్‌కి ఎక్కడెక్కడ అప్లై చేశాడో చెబుతున్నాడు. ఏడాది కలిసి ఉన్నట్టున్నారు, ఒకరి యాస ఇంకొకరికి కాస్త అంటుకుంది. ఆ బస్సులో కండక్టరంటూ ఉంటే టికెట్టు తెలుగులోనే అడిగేవాడు. దారిలో ఒక సూపర్ మార్కెట్ ముందు పిల్లలు బారుగా నిలబడి ఉంటే ఏదో సేల్ అనుకున్నాను. ఉద్యోగాల కోసమని శ్రుతి చెప్పింది. ఆ బారులో సగంమంది దానికి తెలుసు.

నాటకం యూనివర్సిటీ పిల్లలది. ఒకే ఇల్లు, ఆరుగురు అద్దెపిల్లలు, ఒకటే బాత్రూము. కథంతా అంతే. పక్క వరసలో మనవాళ్ళు నలుగురు కూర్చుని అందరికంటే ముందే నవ్వుతున్నారు. రాబోయే జోకు ఏమిటో వాళ్ళకి తెలుసు, ఎందుకంటే పొద్దున వాళ్ళింట్లో జరిగిందే అది.

నన్ను ఆశ్చర్యపరిచింది మొదలుపెట్టే తీరు. మన దగ్గర నాటకానికి ముందు జ్యోతి వెలిగించాలి, ముఖ్య అతిథి మాట్లాడాలి, శాలువాలు కప్పాలి. నటులు మేకప్ చెమటకి కారిపోతుంటే తుడుచుకుంటూ నిలబడాలి. ఇక్కడ ఒకమ్మాయి వచ్చి, ఈ నేల ఏ ఆదివాసీ జాతులదో వాళ్ళ పేర్లు చదివి, ఫోన్లు ఆపమని చెప్పి వెళ్ళిపోయింది. లైట్లు ఆరిపోయాయి.

ఆ చీకటి నేను రెండేళ్ళుగా చూడలేదు. ఏడుస్తానేమోనని చేతిరుమాలు సిద్ధంగా పెట్టుకున్నాను. లైటు వెలిగేసరికి స్టేజీ మీద ఒక కుర్రాడు సబ్బు మూతికి పూసుకుని తలుపు బాదుతున్నాడు. రుమాలు సంగతి మరిచిపోయాను.

గ్వెల్ఫ్

గ్వెల్ఫ్‌కి ఆలస్యంగా చేరాం. తప్పు నాదే. దారిలో బేకరీ ముందు ఆగి, బటర్ టార్ట్ అంటే ఏమిటో తెలుసుకోవాలన్నాను. అరచేతిలో పట్టే చిన్న గిన్నెలా ఉంటుంది, లోపల బెల్లప్పాకం లాంటిది. కొరికితే గడ్డం మీదకి కారుతుంది. మూడు డాలర్లు. గడ్డం తుడుచుకుని చేరేసరికి తలుపులు మూసేశారు.

మన దగ్గరైతే వాచ్‌మన్‌తో "ఒక్క నిమిషమేగా బాబూ" అని లోపలికి దూరతాం. నేను అదే ఇంగ్లీషులో అన్నాను. తలుపు దగ్గర కూర్చున్న పెద్దావిడ నవ్వుతూ నాకు నీళ్ళిచ్చి, కుర్చీ చూపించి, గోడ మీద చిన్న టీవీ చూపించింది. లోపల జరిగేది అందులో కనిపిస్తుంది. ఖాళీ దొరికినప్పుడు పంపుతానంది. ఆవిడకి జీతం లేదట. తలుపు కాసినందుకు నాటకం ఉచితంగా చూస్తుందట. ఎన్నిసార్లు చూశారంటే, తలుపు దగ్గర కూర్చుంటాను కాబట్టి మొదటి పది నిమిషాలు ఏ నాటకంలోనూ చూడలేదంది.

ఆ రోజు ఎవరికి తోచినంత వాళ్ళు ఇచ్చే ఆట. ఎంత వెయ్యాలో తెలియక నేను తచ్చాడుతుంటే, శ్రుతి నా చేతిలో నోటు లాక్కుని డబ్బాలో వేసేసింది. లోపల నలభై కుర్చీలకి మించి లేవు. ఒక్కతే నటి. శాలువా తలమీద వేసుకుంటే తల్లి, నడుముకి కడితే కసాయివాడు, భుజాన వేసుకుంటే పోలీసు. ఇంత దగ్గరగా కూర్చుని నాటకం చూడటం నాకు కొత్త. ఆవిడ చెమట కనిపిస్తోంది. బయటికొచ్చాక శ్రుతి చెయ్యి పట్టుకుని రోడ్డు మీద ఆ శాలువా పని మొత్తం నా చున్నీతో చేసి చూపించాను. బస్టాపులో జనం చూస్తున్నారని అది ముఖం తిప్పుకుంది.

గాల్ట్

గాల్ట్‌ని ఇప్పుడు కేంబ్రిడ్జ్ అనే నగరంలో కలిపేశారు. ఊరివాళ్ళు మాత్రం గాల్ట్ అనే అంటారు. రెండు వందల ఏళ్ళ కిందట స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. నది ఒడ్డున రాతి ఇళ్ళు, రాతి చర్చీలు. వీధుల పేర్లూ, సమాధుల మీద పేర్లూ వాళ్ళవే. శ్రుతి, దాని ఫ్రెండు మౌనిక అలాంటి ఒక రాతింట్లో పైగదిలో అద్దెకుంటున్నారు. కాలేజీ దగ్గర గదులు దొరక్క ఇంత దూరం వచ్చారు. మౌనికది కరీంనగర్.

"మా ఓనర్ అంకుల్ మస్తు మంచోడు ఆంటీ" అని నన్ను లోపలికి తీసుకెళ్తూ చెప్పింది. "గని హీటర్ పెంచుమంటే స్వెట్టర్ ఇస్తడు."

ఆ ఓనరు పేరు అలిస్టర్. డెబ్భై దాటాయి. పొడుగు మనిషి, గుమ్మాల దగ్గర తల వంచీ వంచీ మెడ అలాగే ఉండిపోయింది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక పైగదులు ఖాళీగా ఉండటం ఇష్టం లేక పిల్లలకి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఊరి నాటక బృందంలో వేషాలు వేస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం, శనివారం మ్యాటినీ, చివరి రెండు ఆటలు ఉన్నాయి. శ్రుతి నా కోసం అన్నిటికంటే ముందు తీసిన టికెట్టు ఆ శుక్రవారం ఆటదే.

నేను ప్రాంప్టరునని తెలిసి అతను కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. ఇక్కడ రిహార్సల్లోనే అందిస్తారట. ఆటలో మరిచిపోతే ఎవరి తంటాలు వాళ్ళు పడాలి. ఆ రాత్రి, మర్నాడు పొద్దున, వంటింటి బల్ల దగ్గర నేను పుస్తకం పట్టుకుని మిగతా పాత్రలు చదివాను, అతను తన పాత్ర చెప్పాడు. తడబడినచోట నేను మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది అల్లుకుపోయాడు. మౌనిక పోసిన పెసరట్టు మీద నారింజ మార్మలేడ్ జామ్ రాసుకుని తిన్నాడు. అల్లప్పచ్చడి ఉందని నేను చెప్పబోతే మౌనిక కళ్ళతోనే వద్దంది.

నాటకం రాసింది ఆ ఊరి స్కూలు టీచరే. డంకన్ అనే రాతిపనివాడు, అదే అలిస్టర్ వేషం, భార్యతో ఓడెక్కి వస్తాడు. మొదటి చలికాలంలోనే ఆమె చనిపోతుంది. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి లేదు. మంచు కరిగేదాకా శవపేటికను కొట్టంలో ఉంచుతారు. చలికాలమంతా అతను రాళ్ళు చెక్కుతూ ఆ పేటికతో కబుర్లు చెబుతాడు. వసంతం వచ్చి సమాధి చేసే రోజున పాస్టరు, "ఈమె పేరు?" అని అడుగుతాడు. "ఇసొబెల్" అంటాడు డంకన్. తెర.

చివరి పేజీ దగ్గరికి రాగానే అలిస్టర్ పుస్తకం మూసేశాడు. ఆ పేజీ వచ్చు, అక్కర్లేదన్నాడు.

శుక్రవారం ఆట

హాలు నది ఒడ్డునే. ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. ఫలానా నటి తన కోడలని ఒకావిడ చెప్పింది. పాస్టరు వేషం వేసింది ఊళ్ళో పళ్ళ డాక్టరట. అతను స్టేజీ మీదకి రాగానే నా వెనక ఎవరో దవడ పట్టుకుని మూలిగారు, చుట్టూ నవ్వు. ఒంగోల్లో మా తహసీల్దారు ఆఫీసు గుమాస్తా కృష్ణుడి వేషంలో వస్తే పట్టాదారు పాసుపుస్తకం ఎప్పుడిస్తావని హాల్లోంచి కేకేసేవారు. అలాంటి హాల్లోనే ఉన్నాననిపించి నాకు ఉత్సాహం ఆగలేదు.

అలిస్టర్ బాగా చేశాడు. రాయి చెక్కుతూ పేటికతో మాట్లాడుతుంటే, ఆ మాటలు నాకు ముందే వచ్చు కాబట్టి పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. మౌనిక పక్కనుంచి గమనించి మోచేత్తో పొడిచింది.

చివరి సీను. పాస్టరు అడిగాడు, "ఈమె పేరు?"

అలిస్టర్ మాట్లాడలేదు. మొదట అది నటనే అనుకున్నాను. తర్వాత కాదనిపించింది. ఒక మనిషి మరిచిపోయినప్పుడు హాల్లో గాలి ఎలా బిగుస్తుందో నాకు తెలుసు. రెండు పూటలు వంటింట్లో అందించిన నోరు ఇది. "ఇసొబెల్" అనేశాను.

చిన్నగానే అన్నాను. కానీ స్టేజీ మీదకి చేరేలా అలవాటైన గొంతు, నిశ్శబ్దంగా ఉన్న హాలు. ముందు మూడు వరసల జనం వెనక్కి తిరిగి చూశారు. అలిస్టర్ ఉలిక్కిపడి వెంటనే ఆ పేరు అన్నాడు. తెర పడింది. ఇక్కడ ప్రతి నాటకానికీ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నేను మాత్రం లేవలేకపోయాను.

ఇంటికి నడుస్తుంటే శ్రుతి ఆగి, "పెద్దమ్మా, అది పరిషత్తు అనుకున్నావా? నేను రేపు వీళ్ళ ముఖాలు చూడాలి" అంది. మౌనిక మాత్రం నవ్వాపుకోలేకపోయింది. "టికెట్ కొని మరీ డ్యూటీ చేసిండ్రు ఆంటీ."

శనివారం పొద్దున

దాని ఫలితం పొద్దున తెలిసింది. డైరెక్టరు లిండా రాత్రే అలిస్టర్‌తో మాట్లాడిందట. ఆ నిశ్శబ్దం ఆటకి ఆటకి పెరుగుతోందని ఆమె ముందునుంచీ కంగారుపడుతోంది. ఇప్పుడు ప్రేక్షకుల్లోంచి ఒకరు అందించాల్సి వచ్చింది. చివరి ఆటలో ఆ పేరు పాస్టరే చెబుతాడు, అలిస్టర్ తలూపితే చాలు అని తేల్చేసింది. చాలా మర్యాదగా చెప్పిందట.

నేను క్షమాపణ చెప్పాను. మాట మరిచిపోయారనుకున్నానని అన్నాను.

"మరిచిపోలేదు" అన్నాడతను. టీ కప్పు బల్ల మీద ఒకసారి తిప్పాడు. "అక్కడికి రాగానే నా నోటికి జీన్ అని వస్తుంది. మా ఆవిడ. అది వెనక్కి పోయేదాకా నేను నోరు తెరవను."

ఆ మాట లిండాతో చెప్పొచ్చు కదా అన్నాను.

"చెబితే జాలిపడుతుంది. జాలిపడి ఆ లైను తీసేస్తుంది. నాకు ఆ లైను కావాలి. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచే పని లేదు. అక్కడ మాత్రం ప్రతి ఆటకీ నోటిదాకా వస్తోంది."

తర్వాత మావారి పేరేమిటని అడిగాడు. రామ్మోహన్ అని చెప్పాను. పిల్లల స్కూల్లో, ఆస్పత్రిలో అడిగినప్పుడు తప్ప నేను ఆ పేరు పైకి అన్నది లేదు. అలిస్టర్ రెండుమూడుసార్లు పలికి చూశాడు. సరిగ్గా రాలేదు. నేను మళ్ళీ చెప్పాను, మళ్ళీ పలికాడు. ఆ బల్ల దగ్గర ఆయన పేరు చాలాసార్లు వినిపించింది.

ఆ తర్వాత నేను చీర మార్చుకుని లిండా దగ్గరికి వెళ్ళాను. అలిస్టర్ చెప్పింది చెప్పలేదు, అది నేను చెప్పాల్సింది కాదు. మా దేశంలో ప్రాంప్టరు సైడులో కూర్చుంటుందనీ, నేను ఆ పని చాలా ఏళ్ళు చేశాననీ, హాల్లోంచి అందించడం నా తప్పేననీ చెప్పాను. లైను అతనికే వదిలేయండి, అతను తడబడితే నేను చూసుకుంటానన్నాను. లిండా కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని విన్నది. తమ బృందంలో ఆ పద్ధతి లేదంది. నేను కదల్లేదు. చివరికి, సరే, తాను ఎదుటి సైడులో ఉంటానని, తను చెయ్యెత్తితే మాత్రం ఆలోచించకుండా పేరు అందించాలని చెప్పింది. ఒప్పుకున్నాను.

మేకప్ వేసుకుంటూ అలిస్టర్ అద్దంలోంచి నన్ను చూశాడు. "విజయా, ఆమె చెయ్యెత్తినా ఇవ్వొద్దు."

దానికీ సరేనన్నాను.

మ్యాటినీ

ఒక స్టూలు, పుస్తకం, దాని మీద నీలం కాగితం చుట్టిన చిన్న దీపం. రంగు వాసన, దుమ్ము, తాళ్ళు. పక్కన ఒకమ్మాయి చేతిలో ఉత్తుత్తి రొట్టె పట్టుకుని పెదవులు కదుపుకుంటోంది. హాలు నిండుతున్న చప్పుడు తెర అవతల్నుంచి వినిపిస్తోంది. నాకు గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, వేషం వేసింది నేనే అనుకోవాలి. దిగులు కోసం లోపల వెతుక్కున్నాను. అప్పటికి దొరకలేదు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలా ఉంది.

మొదటి అంకంలో అలిస్టర్ నిజంగానే ఒకచోట ఆగాడు. పక్కనుంచి చూస్తే తెలిసిపోయింది. భుజాలు పైకి లేచాయి, చేతిలో సుత్తి ఏదో వెతుకుతున్నట్టు తిరిగింది. "మంచు" అన్నాను. అతను అందుకుని సాగిపోయాడు. ముందు వరసలో కూర్చున్న శ్రుతికి కూడా తెలియలేదట. ఆ ఒక్క మాటకి నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాస్తే చిన్నతనంగా ఉంటుంది.

చివరి సీను వచ్చింది.

"ఈమె పేరు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

అలిస్టర్ ఆగాడు. నేను అతని భుజాలు చూశాను. లేవలేదు. మామూలుగానే ఉన్నాయి. అతను పేటిక వైపు చూస్తున్నాడు, చెవి ఒగ్గినట్టు. నిన్నటికంటే ఎక్కువసేపైంది. హాల్లో ఎవరో దగ్గి ఆపుకున్నారు. ఎదుటి సైడులో లిండా చెయ్యెత్తింది. నేను పుస్తకం మీదకి చూపు దించాను. మళ్ళీ తలెత్తితే ఆమె రెండో చెయ్యి కూడా ఎత్తింది. ఇద్దరికీ మాటిచ్చాను, ఒకరి మాట పోవాల్సిందే. డాక్టరు పాపం తనే కల్పించుకుని, "పేరు చెప్పు, డంకన్" అన్నాడు. అది పుస్తకంలో లేదు. నేను పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించాను. ఎప్పుడూ ఏ నటుణ్ణీ అంతసేపు అలా వదిలెయ్యలేదు.

"ఇసొబెల్" అన్నాడు అలిస్టర్. మామూలుగా ఒక పేరు చెప్పినట్టే చెప్పాడు.

తెర పడ్డాక లిండా స్టేజీ మీదుగా నా దగ్గరికి విసురుగా వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా స్టూలు పక్కన చతికిలబడి, ఆ కాసేపట్లో తను ఎన్నేళ్ళు ముసలిదైందో చెప్పింది. ఆ తర్వాత, ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో అని కూడా అంది.

సెట్టు విప్పడం

అక్కడ ఇంకో పద్ధతుంది. చివరి ఆట అయిన వెంటనే సెట్టు విప్పేస్తారు. మన దగ్గర అది సెట్టు కాంట్రాక్టరు మనుషుల పని. నటులు మేకప్ కడుక్కుని ఫోటోలు దిగుతుంటారు. ఇక్కడ పాస్టరు స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు, చనిపోయిన ఇసొబెల్ చీపురు పట్టుకుంది. శ్రుతి, మౌనిక ప్యాంట్లు మడుచుకుని దిగారు. నేను కొంగు దోపాను. ఎవరో నాకు చేతి తొడుగులిచ్చారు. పక్క బల్ల మీద బటర్ టార్టులు, ఎవరికి కావలిస్తే వాళ్ళు తింటున్నారు. సాయంత్రపు ఎండ వెనక తలుపులోంచి స్టేజీ మీదకి వచ్చింది. పెళ్ళి అయిపోయిన ఇంట్లోలా అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

అలిస్టర్ డంకన్ బట్టల్లోనే ఉన్నాడు. రాతిగోడ ముక్కని ఊడదీసి నిలబెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళి, అంతసేపు ఆగారేం, ఆ పేరు వెనక్కి పోవడానికి ఇవాళ ఎక్కువసేపు పట్టిందా అని అడిగాను.

"కాదు" అన్నాడు. గోడ అంచున రంగు లేచిన చోట గోటితో గీకాడు. "ఇవాళ రాలేదు. వస్తుందని చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు చూసినా రాలేదు. పాపం ఆ డాక్టరు కంగారుపడుతున్నాడని, ఇక ఇసొబెల్ అని చెప్పేశాను."

లిండా వెనకనుంచి లారీ ఎదురుచూస్తోందని కేకేసింది. అలిస్టర్ గోడ ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర నేను పట్టుకున్నాను. అది థర్మోకోల్ గోడ, పైన బూడిదరంగు పూశారు. చిన్నపిల్లవాడైనా ఒక్కడే ఎత్తగలడు. ఇద్దరం చెరో వైపూ పట్టుకుని, మెట్ల దగ్గర జాగ్రత్తగా అడుగులు వేస్తూ, లారీ దాకా మోసుకెళ్ళాం.